ఉన్నది ఉన్నట్టు చదివిన నిరోషా

నిరోషా టైపింగు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్చుకోలేదు. తాండూరులో తహసీల్ కచేరీ గోడను ఆనుకుని ఒక జిరాక్సు దుకాణం ఉండేది. ఇంటర్ తప్పిన ఏడాది ఆమె అందులో పనికి చేరింది. దుకాణం ముందు రేకుల పందిరి కింద నర్సింహులు అనే పెద్దాయన దరఖాస్తులు రాస్తూ కూర్చునేవాడు. కరెంటు పోతే జిరాక్సు నడవదు. అప్పుడు నిరోషా స్టూలు జరుపుకుని ఆయన పక్కన కూర్చునేది.

నర్సింహులు చేతిరాత గొప్పదేమీ కాదు. ఆయన పనితనమంతా అడగడంలో ఉండేది. ఇంట్లో ఎంతమంది ఉంటారని ఎవరినీ అడిగేవాడు కాదు. అలా అడిగితే ఒకడు వేరు పొయ్యి పెట్టుకున్న తమ్ముణ్ణి వదిలేస్తాడు, ఇంకొకడు పెళ్ళయి వెళ్ళిన చెల్లెల్ని కలిపేస్తాడు. అందుకని పొద్దున ఎవరెవరు తిన్నారని అడిగేవాడు. పెద్దోడి పేరేంటి, వాడి వెనక ఎవరు, వాళ్ళ వెనక ఎవరు అని వరుసగా లాగేవాడు. ఒకరోజు నిరోషా తొందరలో ఒక రాయి పాలిష్ కూలీని మీరెంతమంది అని అడిగి, అతను చెప్పిన అంకె వేసేసింది. నర్సింహులు ఆ కాగితం చింపి కొత్తది ఇచ్చాడు.

"ఎంతమంది అని అడుగకు. పేర్లడుగు. లెక్క మనం పెట్టుకోవాలె" అన్నాడు.

అంతకుమించి ఆయన చదువు చెప్పింది లేదు. ఆరేళ్ళు ఆ పందిరి పక్కన ఉండి ఆమె తెలుగు టైపు నేర్చుకుంది. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయినా వేళ్ళకు దారి తెలుసు. సరిహద్దు అవతల నుంచి నాపరాయి పనికి వచ్చేవాళ్ళ వల్ల కన్నడంలో పేరు, ఊరు, వయసు అడగడం వచ్చింది. ఆమె తండ్రి యాకోబు గనిలో బండలు తీసిన మనిషి, తల్లి ఎంకమ్మ పొలం కూలీ. వాళ్ళది దౌల్తాబాద్. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని సంపాదించిన మొదటి మనిషి నిరోషాయే.

ఇప్పుడామెకు ముప్ఫై మూడేళ్ళు. భర్త యోబు తాండూరులో ఆటో నడుపుతాడు. ఆమె ఒక సేవా కేంద్రంలో ఆపరేటర్. నియమించింది ఏజెన్సీ. ఏటా మార్చిలో ఏజెన్సీ కాగితం మారుతుంది, మారకపోతే ఏప్రిల్‌లో పని ఉండదు. పొద్దున ఆమె వేలు పెడితేనే తెర తెరుచుకుంటుంది. ఆ తర్వాత తెర మీద జరిగేదంతా ఆమె పేరు మీదే నిలిచి ఉంటుంది.

పోయిన వానాకాలం ఆపరేటర్లకు కుటుంబ నమోదు పని వచ్చింది. ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఎవరెవరున్నారో ఎక్కించాలి. ఆసుపత్రి అయినా హాస్టలు అయినా ఇకమీద ఆ పట్టికనే చూస్తారని చెప్పారు. శిక్షణ వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. యాప్ తయారుచేసిన బృందం నుంచి దీక్షిత అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. చదువంతా బెంగుళూరులో అయిందట. మంచి పిల్ల. ఎవరు మాట్లాడినా పుస్తకంలో రాసుకునేది.

మొదటి నమూనాలో సంతానం అనే మాట ఉండేదని, ఊళ్ళలో అది ఎవరికీ తెలియలేదని ఆమె చెప్పింది. అందుకని తమ బృందమంతా రెండు రోజులు ఇక్కడి సంస్కృతి, ఇక్కడి మాట మీద తరగతులకు కూర్చున్నారట. తెలంగాణలో బిడ్డ అనేది ఎంత ప్రేమగల మాటో అక్కడే తెలిసిందట. ఆ ఒక్క మాట కోసం యాప్ అంతా మార్చామని, మీ మాటనే మీ ప్రశ్నలో పెట్టామని అంటుంటే ఆమె ముఖం వెలిగింది. హాల్లో చప్పట్లు కొట్టారు. గోడ మీద తెరపై ప్రశ్న పడింది: మీకు బిడ్డలు ఎంతమంది?

నిరోషా పక్కన కొడంగల్ నుంచి వచ్చిన కొత్త ఆపరేటర్ అశ్విని కూర్చుంది. ఆమె వంగి చెవిలో, "కొడుకులే ఉన్నోళ్ళు ఏం జెప్పాలె అక్కా?" అంది.

ఇద్దరూ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇక్కడ బిడ్డ అంటే కూతురు. కొడుకును కొడుకనే అంటారు. ముగ్గురు కొడుకులున్న తల్లి తనకు ఒక్క బిడ్డ కూడా లేదని పది మందిలో బాధపడుతుంది, అందులో ఎవరికీ వింత ఉండదు. నిరోషా చేయి సగం ఎత్తింది. జిల్లా సూపర్‌వైజర్ పరమేశ్ సందేహాలన్నీ చివర్లో అన్నాడు. చివర్లో గ్రూపు ఫోటో దిగారు, తర్వాత అందరూ రైలుకో బస్సుకో పరుగెత్తారు. ఆ ఫోటోలో నిరోషా రెండో వరుసలో నవ్వుతూ ఉంది.

వెళ్ళే ముందు పరమేశ్ ఒక నియమం మూడుసార్లు చెప్పాడు. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత మాట కలపకూడదు. ట్యాబ్ గొంతు రికార్డు చేస్తుంది, హైదరాబాదులో కూర్చుని వింటారు. మాట మారితే ఎర్ర గుర్తు. మూడు ఎర్ర గుర్తులు పడితే లాగిన్ ఆగిపోతుంది.

మొదటి పది రోజులు నిరోషా ప్రతి ఇంట్లో ప్రశ్న చదివి, వెంటనే తన మాటలో పేర్లు అడిగింది. పెద్దోడెవరు, వాని వెనక ఎవరు అని నర్సింహులు పద్ధతిలోనే అడిగింది. పట్టిక చక్కగా వచ్చింది. పదకొండో రోజు మొదటి ఎర్ర గుర్తు పడింది. ప్రశ్నను మార్చి అడిగారు అని కారణం. పరమేశ్‌కు ఫోన్ చేసి బిడ్డ సంగతి చెప్పింది. అది నిజమేనని అతను ఒప్పుకున్నాడు. అతనిది పరిగి దగ్గర ఊరు, అతనికి తెలియక కాదు. పైకి చెబుతానని, ఈలోగా జర చూసుకొమ్మని అన్నాడు. మరో మూడు రోజులకు రెండో ఎర్ర గుర్తు పడింది.

ఆ మర్నాడు ఆమె వెళ్ళింది కొడంగల్ దారిలో ఒక ఊరికి. అక్కడ ఎంకయ్య, కొండమ్మ అనే కురుమ దంపతుల ఇల్లుంది. కొండమ్మ ఆమెకు పాత పరిచయం. జిరాక్సు దుకాణం రోజుల్లో గొర్రెల బీమా కాగితాలకు వచ్చి, పని అయ్యేదాకా స్టూలు పక్కన నేల మీద కూర్చునేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు విజయ్‌కుమార్ తాండూరులో పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడనీ నిరోషాకు తెలుసు. ఆ రోజు అతని బండి అరుగు పక్కనే నిలబెట్టి ఉంది. తీగ మీద అతని చొక్కాలు ఆరుతున్నాయి.

నిరోషా ట్యాబ్ తెరిచి ప్రశ్న చదివింది.

"బిడ్డలా? బిడ్డలు లేరు నాకు" అంది కొండమ్మ. "ఒక్క బిడ్డన్న ఉంటే గింత తలకు నూనె వెడుతుండె."

నిరోషా నోటిదాకా వచ్చింది విజయ్ పేరు. మూడో గుర్తు పడితే పొద్దున వేలు పెట్టినా తెర తెరుచుకోదు. సున్న కొట్టింది. సున్న కొట్టగానే యాప్ పిల్లల పేర్ల పేజీని దాటేసి, ఇల్లు సొంతమా అద్దెనా అనే ప్రశ్నకు వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లోపు దిద్దుకునే వీలుందని ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్ళి తీరిగ్గా సరిచేద్దామనుకుంది. సాయంత్రం నెట్ లేదు. మర్నాడు వేరే ఊరు. మూడో రోజు గుర్తొచ్చి తెరిస్తే దిద్దే బటన్ బూడిదరంగుకు తిరిగింది. అలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కొన్నిటిని గడువులోపు దిద్దింది, కొన్ని తప్పిపోయాయి. ఏవి తప్పిపోయాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. పరమేశ్ పైకి చెప్పాడో లేదో ఆమె మళ్ళీ అడగలేదు. కందులు ఇంటికి వచ్చాయి, ఆ కాలం అయిపోయింది. ఆ కాగితం ఎక్కడుందో కూడా తర్వాత ఆమె చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున కొండమ్మ కేంద్రానికి వచ్చింది. వరుసలో నిలబడకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చి, కొంగులో కట్టుకున్న ఆసుపత్రి చీటీ తీసి ఇచ్చింది. విజయ్‌కుమార్ మీద బండ పడింది. లారీ నుంచి దించుతుంటే జారిందట. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఉచితంగా ఆపరేషన్ చేసే ఆసుపత్రిలో వచ్చే గురువారం తేదీ ఇచ్చారు. ఆ లోపు కాకపోతే ఎముక వంకరగా అతుకుతుందని, అప్పుడు మళ్ళీ విరిచి కట్టాలని, అయినా నడక సరిగా రాదని డాక్టర్ చెప్పాడు. పేరు కుటుంబ పట్టికలో ఉంటేనే ఉచితం. ఆసుపత్రిలో వేలు పెడితే మీకు పిల్లలే లేరని వచ్చిందట.

"మిషినికి నా కొడుకు ఎరకలేడట బిడ్డా" అంది కొండమ్మ. "నువ్వే గద ఎక్కిచ్చినవ్, జర జూడు."

ఎంకయ్య మంద మీద పోయి నెలయింది. గొర్రెలతో కృష్ణ వైపు ఎక్కడో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది.

నిరోషా పట్టిక తెరిచింది. ఎంకయ్య, కొండమ్మ, కింద సున్న. ఆ సున్న పక్కన తన పేరు, తేదీ, సమయం ఉన్నాయి. మనిషిని కలపడానికి మూడే దారులు కనిపించాయి: కొత్తగా పుట్టిన శిశువు, పెళ్ళి ద్వారా వచ్చిన వ్యక్తి, దత్తత. ముప్ఫై ఏళ్ళ కొడుకును మరిచిపోయామని చెప్పడానికి దారి లేదు. విడిగా అతని పేరిట కుటుంబం తెరుద్దామంటే కొత్త కుటుంబాల నమోదు మూసేశారు.

ఫిర్యాదు పెట్టింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. పౌరురాలి స్వయం ప్రకటన ప్రకారమే నమోదు జరిగిందని, గొంతు రికార్డుతో సరిపోలిందని, ప్రశ్నను నియమం ప్రకారం చదివారని, ఫిర్యాదు ముగిస్తున్నామని ఉంది. ఆ వానాకాలమంతా ఆమె చదివిన తీరును ఎవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే.

పరమేశ్‌కు ఫోన్ చేస్తే అతనికి అంతా ముందే తెలిసినట్టు మాట్లాడాడు.

"దత్తత పెట్టెయ్. అర్ధగంటల అయిపోతది" అన్నాడు. "నాలుగు కేసులు గట్లనే జేసినం. ఎవలేం అడుగరు."

దత్తత అంటే కొండమ్మ వేలిముద్రతో ఒక ప్రకటన కావాలి. నిరోషా దాన్ని ప్రింటు తీసింది. ఈ వ్యక్తి నాకు పుట్టిన సంతానం కాదని, ఇతణ్ణి నేను దత్తత తీసుకున్నానని నా ఇష్టపూర్వకంగా తెలియజేస్తున్నాను. చదివి వినిపించకుండా వేలు పెట్టించుకునే ఆపరేటర్లు ఉన్నారు. నర్సింహులు పక్కన కూర్చున్న మనిషికి అది చేతకాదు. బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని మాట మాట విడగొట్టి చెప్పింది.

కొండమ్మ కాసేపు కాగితం వైపు చూసింది. చదువు రాదు కాబట్టి అక్షరాలను కాక, కింద వేలు పెట్టాల్సిన ఖాళీ గడిని చూసింది.

"వీనికి ముందుగాల ఇద్దరు కడుపుల్నే పోయిండ్రు" అంది. "వీడు నిలిచిండని బీరప్పకు యాటను గోసినం. గిప్పుడు వీన్ని కనలే అని పెట్టాల్నా?"

నిరోషా అవునని తల ఊపింది.

"పెడితే కాలు నిలవడ్తదా?"

"ఆపరేషన్ అయితది పెద్దమ్మా."

"అయితే గా ఇంకు డబ్బి ఇటు తే" అంది కొండమ్మ, బొటనవేలు ముందుకు చాపి. "కాలు కన్న ఎక్కువనా గీ మాట."

డబ్బా నిరోషా చేతికి అందే దూరంలోనే ఉంది. ఆమె తీయలేదు. జాలితో ఆగిన మాట నిజమే, కానీ అంతకన్నా పని తెలిసి ఆగింది. ఎంకయ్యకు ఇద్దరు అన్నదమ్ములున్నారు, మూడు వాటాల్లో రెండెకరాల చెలక భూమి ఉంది. ఇలాంటి ప్రకటన ఒకటి కంప్యూటర్లో పడితే పదేళ్ళ తర్వాత ఏ తగాదాలోనో బయటికి వస్తుంది. పందిరి కింద అలాంటి కాగితాలు పట్టుకుని ఏడ్చినవాళ్ళను ఆమె చూసింది. సోమవారం దాకా ఆగమని, ఇంకో దారి చూస్తానని చెప్పింది. వేలు పెడతానంటుంటే ఎందుకు ఆపుతున్నదో కొండమ్మకు అర్థం కాలేదు. గురువారం తప్పితే నీ మీదనే ఉంటుందని మాత్రం నెమ్మదిగా చెప్పి, ఆసుపత్రికి పోయే ఆటో ఎక్కింది.

ఆ రోజు మూడు గంటలకు నిరోషా దీక్షితకు ఫోన్ చేసింది. శిక్షణలో ఇచ్చిన కరపత్రం వెనక నంబరు ఉంది. ఎవరూ ఎత్తరనుకుంది. దీక్షిత ఎత్తింది, పేరు చెప్పగానే గుర్తుపట్టింది కూడా. నిరోషా కథలా కాకుండా వరుసగా చెప్పింది. ఊరు, పేరు, అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, కొట్టిన అంకె. 

"బిడ్డ అంటే కూతురేనా? కొడుకును అనరా?" అని దీక్షిత అడిగింది.

అనరని నిరోషా చెప్పింది.

"ఎప్పుడూ?"

"ముద్దుకు కూడ అనరు మేడం. కొడుకా అంటరు."

దీక్షిత ఒక నిమిషం ఆగమని కీబోర్డు మీద ఏదో కొట్టింది. తర్వాత దాచకుండా చెప్పింది. పశ్చిమం వైపు మండలాల్లో పిల్లల్లేని కుటుంబాలు, ఆడపిల్లలు మాత్రమే ఉన్న కుటుంబాలు బాగా ఎక్కువగా వచ్చాయట. ఆడపిల్లల నిష్పత్తి మెరుగుపడిన ప్రాంతమని దాన్ని ఒక సమావేశంలో తెర మీద చూపించారట. ఆ తెర తయారుచేసింది తనే. స్థానిక భాషలో ప్రశ్నలు పెట్టినందుకు బృందానికి మెమెంటో కూడా ఇచ్చారు. అది ఇప్పుడు తన బల్ల మీదే ఉందని కూడా చెప్పింది.

ప్రశ్న మార్చండి, ఆ ఇళ్ళన్నీ తెరవండి అని నిరోషా అడిగింది. ప్రశ్న మార్చడానికి మూడు కమిటీలు దాటాలి, ఎంత లేదన్నా ఆరు వారాలు. మూసిన పట్టికను తెరవడానికి ఒకే ఒక్క ఫారం ఉంది. దాని పేరు ఆపరేటర్ తప్పిదం. అది పెడితే అత్యవసర కేసును ఇరవై నాలుగు గంటలు తెరుస్తారు. కారణం సొంతంగా రాయడానికి లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. నాలుగు కారణాలున్నాయి. ఇంటికి వెళ్ళలేదు. వేరే వ్యక్తిని అడిగాను. అంకె తప్పుగా కొట్టాను. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవలేదు.

"ప్రశ్ననే తప్పు అని లేదా?" అంది నిరోషా.

లేదని దీక్షిత చెప్పింది. మూడోది పెడితే గొంతు రికార్డు అడ్డం వస్తుంది, కొండమ్మ నోటితో లేరని అన్నది కదా. నాలుగోది పెడితే రికార్డును మళ్ళీ వినకుండానే తెరుస్తారు, ఎందుకంటే ఆపరేటర్ తనంతట తాను ఒప్పుకున్నట్టు అవుతుంది. కానీ ఆ ఫారం ఒక ఇంటికి పనిచేయదు. ఆ వారాల్లో నిరోషా ఎక్కించిన ఇళ్ళన్నీ, రెండు వందల నలభై, అనుమానం కిందికి వెళతాయి. మళ్ళీ సర్వే అయ్యేదాకా ఆమె లాగిన్ ఆగిపోతుంది. దీక్షిత ఇదంతా చెబుతూ గొంతు తగ్గించుకుంది. జరిగింది తనూ పైవాళ్ళకు రాస్తానని అంది. ఎప్పుడు రాస్తారని నిరోషా అడగలేదు. రాస్తుందనే అనిపించింది. గురువారంలోపు దానివల్ల ఏమీ కాదనీ తెలుసు.

శని, ఆదివారాలు గడిచాయి. యోబు ఆ విషయం విని, మార్చి దగ్గర పెట్టుకుని ఇప్పుడా అని ఒక్కమాట అన్నాడు, మళ్ళీ ఎత్తలేదు. ప్రార్థనకు వెళ్ళి వచ్చాక నిరోషా పాత పుస్తకాల సంచి విప్పి, తప్పిపోయిన ఇళ్ళు రాసుకున్న కాగితం వెతికింది. దొరికింది. అందులో ఇరవై ఏడు పేర్లున్నాయి. కొండమ్మది పదకొండోది.

ఆ కాగితం చూశాక ఆమెకు దీక్షిత మీద గానీ పరమేశ్ మీద గానీ కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. ఆ ఇరవై ఏడు ఇళ్ళలో కొడుకులున్నారని తెలిసే సున్న కొట్టింది. నాలుగో కారణం అబద్ధం. ఆమె ప్రశ్నను ఒక్క అక్షరం మారకుండా చదివింది, జరిగిన చెడంతా అలా చదవడం వల్లే జరిగింది. అయితే తప్పు తనది కాదని చెప్పే కారణమేదైనా జాబితాలో ఉన్నా, దాన్నీ ఆమె నొక్కలేకపోయేది.

సోమవారం పొద్దున పరమేశ్ స్వయంగా తాండూరు వచ్చాడు. దీక్షిత ఫోన్ చేసినట్టుంది. ఇద్దరూ కేంద్రం వెనక మెట్ల మీద నిలబడ్డారు. ఆ ఫారం పెడితే మార్చిలో ఏజెన్సీవాళ్ళు మొదట కొట్టేసే పేరు నీదే అవుతుందని, దత్తత పెడితే ఎవరికీ నష్టం లేదని అతను మళ్ళీ చెప్పాడు. ఆ ముసలమ్మ ఒప్పుకున్నా నీకెందుకు పట్టింపు అన్నాడు. అతను బెదిరించడం లేదు. అతనికీ పైన ఒక సూపర్‌వైజర్ ఉన్నాడు, అతని ఫోన్ అప్పటికే రెండుసార్లు మోగింది.

"మీరు జూన్‌ల పైకి జెప్తనన్నరు సార్. జెప్పిండ్రా?" అని అడిగింది నిరోషా.

"జెప్పిన."

"ఏమన్నరు?"

"మీటింగుల పెడ్తమన్నరు" అన్నాడు పరమేశ్. తర్వాత మెట్ల వైపు చూస్తూ, "నువ్వు జెయ్యాలనుకుంటే జెయ్యి. నేను ఆపినట్టు గాని, జెయ్యమన్నట్టు గాని ఎక్కడ రాయకు" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి వేలు పెట్టింది. నాలుగో కారణం నొక్కింది. ఇరవై నాలుగు గంటల కోసం ఎర్రటి గడిలో కొండమ్మ పట్టిక తెరుచుకుంది. సున్న తీసి ఒకటి వేసింది. పేర్ల పేజీ అప్పుడు వచ్చింది. కె. విజయ్‌కుమార్, పుట్టిన తేదీ, సంబంధం దగ్గర కొడుకు. అన్నీ రెండుసార్లు చూసుకుని భద్రపరిచింది. మిగిలిన ఇరవై ఆరు ఇళ్ళు అత్యవసరం కిందికి రావు కాబట్టి తెరుచుకోలేదు. పదకొండున్నరకు ఆమె లాగిన్ ఆగి, తెర దానంతటదే మూసుకుంది. మళ్ళీ వేలు పెట్టి చూసింది. అనుమతి లేదని వచ్చింది.

గురువారం ఆపరేషన్ అయింది. శనివారం కొండమ్మ పక్క మంచం వాళ్ళ ఫోన్ నుంచి మాట్లాడింది. లోపల రాడ్డు వేశారని, వేళ్ళు కదుపుతున్నాడని, మెషిను ఈసారి కొడుకును గుర్తుపట్టిందని చెప్పింది. నిరోషా ఏం పోగొట్టుకుందో ఆమెకు తెలియదు, నిరోషా చెప్పలేదు. ఆపరేషన్ తేదీ అందుకోవడం గురించీ, ఎంకయ్యకు కబురు అందిన సంగతి గురించీ మాట్లాడుకుని పెట్టేశారు.

లాగిన్ లేకపోయినా ఆమె రోజూ కేంద్రానికి రావాలి. రాకపోతే తానే మానేసినట్టు రాసుకుంటారు. టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మనుషులు ఆమె దగ్గరికే వచ్చి పని చెప్పుకునేవాళ్ళు, ఆమె టోకెన్ చేతిలో పెట్టి పక్క కౌంటర్ చూపించేది. మార్చి కాగితం వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ సర్వేకి అశ్వినిని వేశారు. కొడంగల్ నుంచి బస్సులో వచ్చి నిరోషా ముందు నిలబడి, ఏ ఇంటితో మొదలుపెట్టాలి అక్కా అని అడిగింది. రెండు వందల నలభై ఇళ్ళు, పదిహేను రోజుల గడువు. ప్రశ్న ఇంకా మారలేదు. కమిటీల్లో ఉందట. నిరోషా ఇరవై ఆరు పేర్ల కాగితం ఆమెకిచ్చింది. పేర్లు అడిగితే అన్నీ సరిగా వస్తాయని కూడా చెప్పింది. అశ్విని కాగితం మడిచి పెట్టుకుంది గానీ, ఆమెకూ అప్పటికే ఒక ఎర్ర గుర్తు ఉంది.

అప్పుడు నిరోషాకు తోచింది ఒకటే. రెండు రోజులు సెలవు పెట్టి, యోబు ఆటోలో అశ్విని కంటే ముందు ఆ ఊళ్ళకు వెళ్ళింది. ఇంటింటికీ ఒకటే చెప్పింది. రేపు ఒకమ్మాయి వచ్చి బిడ్డలెంతమంది అంటే కొడుకుల్ని కూడా కలిపి చెప్పండి. కొందరు సరేనన్నారు. కొందరు నవ్వారు. మహేశ్వరి అనే ఆమెకు నలుగురు కొడుకులు. ఆమె నవ్వలేదు, కొంచెం కోపగించుకుంది.

"గీ మొగపోరల్ని బిడ్డలని జెప్తే రేపు ఆడివిల్లల కింద రాసుకోరా? మాకు ఇంకో తంటా వెడ్తవా?"

నిరోషా రాసుకోరని చెప్పింది, చెబుతున్నప్పుడే తనకు పూర్తిగా నమ్మకం లేదు.

మర్నాడు అశ్విని ఆ ఇంటికి వచ్చినప్పుడు నిరోషా కూడా వెంట వెళ్ళింది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళకూడదు. మూడో మనిషి గొంతు రికార్డులో పడితే జవాబు చెప్పించినట్టు లెక్క, ఆ గుర్తు అశ్విని మీద పడుతుంది. అందుకని వాకిట్లో నాపరాయి అరుగు చివర, లోపలివాళ్ళకు కనిపించేటట్టు కూర్చుంది.

లోపల అశ్విని చదివింది. మహేశ్వరి వెంటనే జవాబు చెప్పలేదు. తల తిప్పి గుమ్మంలోంచి నిరోషా వైపు చూసింది.

"మొగోళ్ళను జెప్పాల్నా, ఆడోళ్ళను జెప్పాల్నా?" అని అక్కడి నుంచే అడిగింది.

నిరోషా పెదవులు బిగబట్టి, నాలుగు వేళ్ళు పైకెత్తి చూపించింది. మహేశ్వరికి కళ్ళు సరిగా ఆనవు. కొంగు పక్కకు తీసుకుని, ఏమంటున్నవని ఇంకొంచెం గట్టిగా అడిగింది.